రాయి కదలని చోట రసమునకు దారి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఎవరి కన్నులైనను పచ్చబడినచో ఇంటింట మొదట వినవచ్చు మాట ఆకుపసరు. కామెర్లలో తమంతట తగ్గునవి కొన్ని గలవు గనుక పసరునకు పేరు వచ్చినది. కాని పిత్తనాళములో రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లకు పసరు పనిచేయదు. అడ్డము తొలగనిచో రసము నిలిచి చీము పట్టును. చలిజ్వరము వచ్చి ప్రాణము మీదికి తెచ్చును. ఆ రాతితో వైద్యులు సలిపిన పోరాటమును, అందులో ఒక చిన్న గొట్టము చేసిన మేలును ఈ పూట మనవి చేయుదుము.

కాలేయములో పుట్టిన పైత్యరసము సన్నని నాళము గుండా చిన్నప్రేగునకు చేరును. ప్రక్కనున్న పిత్తాశయములోని రాళ్లు ఒక్కొక్కప్పుడు జారి ఆ నాళములో పడును. 1882లో బెర్లిను నగరమున కార్ల్ లాంగెన్‌బుక్ పిత్తాశయమును మొదటిసారి కోసి తీసెను. కొలది ఏండ్లకే శస్త్రవైద్యులు నాళమును తెరచి రాళ్లను తీయుటయు నేర్చిరి. అటుపిమ్మట ఎనుబది ఏండ్లకు పైగా పొట్ట కోయుట తప్ప వేరు దారి లేకపోయెను. ముదుసలులకు, గుండెజబ్బు గలవారికి అది గండమే.

1968లో అమెరికాలో విలియం మెక్యూన్ బృందము నోటి గుండా ఎండోస్కోపును పంపి, నాళము ప్రేగులో తెరచుకొను ద్వారమున సన్నని గొట్టమును దూర్చి, నాళమును ఎక్స్‌రేలో చూపగలిగెను. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగులు, జపానులో కవాయి ఆ ద్వారమును విద్యుత్తుతో కోసి వెడల్పు చేయు పద్ధతిని ప్రకటించిరి. పొట్టపై గాటు లేకయే రాయి వెలికి వచ్చెను.

పదింట ఎనిమిది తొమ్మిది మారులు రాళ్లు ఇట్లు వచ్చును. చిటికెనవ్రేలి లావునకు, అనగా 15 మిల్లీమీటర్లకు మించినవి, వరుసగా పేరుకొన్నవి, నాళము సన్నబడిన తావునకు పైన చిక్కినవి మాత్రము మొండికెత్తును. అట్టి చోట అక్కరకు వచ్చినది స్టెంటు. 19వ శతాబ్దమున లండనులో పండ్ల అచ్చులకు ఒక ముద్దను సిద్ధపరచిన దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ పేరే దీనికి నిలిచినది. 1980 ప్రాంతమున హాంబర్గులో సోహేంద్ర, కంతితో మూసుకొన్న పిత్తనాళమున ఎండోస్కోపు ద్వారా ప్లాస్టిక్ గొట్టమును నిలిపెను. నేతగాని కండె వలె లోన బోలుగా, సుమారు 3 మిల్లీమీటర్ల లావున ఉండు గొట్టమది.

రాయి ఉన్న నాళములోను దీనిని పెట్టిరి. గొట్టము రాతి ప్రక్కగా ఒదిగియుండును, రసము దిగును, జ్వరము, కామెర్లు తగ్గును. కొన్ని నెలలకు మరల చూడగా, పలువురిలో రాయి అరిగి చిన్నదై, పొడిపొడిగా మారియుండెను. మొదట లొంగనిది రెండవమారు సులువుగా వచ్చెను.

తెలుగునాట ఈ విద్యకు ప్రసిద్ధి తెచ్చినవారిలో డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు ముఖ్యులు. వారు 1994లో హైదరాబాదున ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిరి. 2025లో పద్మవిభూషణ్ బిరుదము పొందిరి. నేడు మొండిరాళ్లను నాళములోనే లేజరుతో పగులగొట్టు సాధనములును గలవు. అయినను బలహీనునికి ముందుగా ఊపిరి నిలుపునది ఆ గొట్టమే.

అయితే అది సంధియే గాని విజయము కాదు. సుమారు మూడు నెలలకు గొట్టమే జిగురుతో, సూక్ష్మజీవులతో మూసుకొనును. దానిని తీయవలెను, లేదా మార్చవలెను. మరచినచో దాని చుట్టును కొత్త రాయి కట్టును. చలిజ్వరము తిరిగి వచ్చును.

మేము జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వారిని ప్రత్యేకించి తలచుటకు కారణమిదియే. జగిత్యాల, కోరుట్లలనుండి గల్ఫు దేశములకు, సిరిసిల్లనుండి భివండీ మగ్గములకు పోవువారు ఎందరో. నొప్పి తగ్గినదని విమానమెక్కినవానికి గడువు ఎవరు గుర్తుచేయుదురు? 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. కన్నులు పచ్చబడిననాడే వైద్యుని చూచుటకు దూరము అడ్డమని ఇక చెప్పనక్కరలేదు. గొట్టము పెట్టిన తేదీని, తీయవలసిన తేదీని గోడమీది క్యాలెండరున ఎర్రసిరాతో వ్రాసికొనుడు; ప్రయాణమునకు ముందు ఒకమారు దానివైపు చూడుడు.