చదవమని చెప్పినవారు: మునగాల–చిలుకూరు పరిసరాల నేపథ్యంలో నవలా సిఫారసు చరిత్ర

తెలుగు నవలా చరిత్రలో రచయితకు, రచనకు, విమర్శకుడికి స్థానం ఉంది. ఒక పాఠకుడు మరొక పాఠకుడికి ‘ఈ నవల చదువు’ అని చెప్పిన సందర్భానికి మాత్రం దక్కవలసిన స్థానం దక్కలేదు. అచ్చయిన నవల దానంతటదే ఊళ్ళకు చేరదు. దాన్ని ఎన్నుకున్నవారు, మోసుకెళ్ళినవారు, చదివి వినిపించినవారు ఉంటారు. వారు ఏ నవలను, ఎవరికి, ఏ ప్రయోజనం ఆశించి సిఫారసు చేశారో తెలిస్తే నవల ఎటు నడిచిందో కూడా కొంత తెలుస్తుంది. నేటి సూర్యాపేట జిల్లాలోని చిలుకూరు, మునగాల పరిసరాలను ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు పాలనల నడుమ

కోదాడ, హుజూర్‌నగర్‌ల మధ్యనున్న చిలుకూరు నిజాం రాజ్యంలోని నల్లగొండ జిల్లాకు చెందిన గ్రామం. దాని పొరుగున ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం ఇలాకాయే ఉన్నా, పాలన రీత్యా మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. కొద్ది మైళ్ళ దూరంలోనే చట్టం, పన్ను, బడిభాష మారిపోయేవి. ఇటు ఉర్దూ రాజభాష. అటు తెలుగు బడి, తెలుగు పత్రిక. పుస్తకం ఈ సరిహద్దును ఎలా దాటిందన్నది తెలంగాణ పఠన చరిత్రలో కీలకమైన ప్రశ్న.

మునగాల సంస్థానాధిపతి నాయని వెంకట రంగారావు వద్ద దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో మిత్రులతో కలిసి హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పాడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలైన ఆ గ్రంథమాల చరిత్ర, శాస్త్ర గ్రంథాలతోపాటు నవలలకూ చోటిచ్చింది. పోటీలు పెట్టి బహుమతులు ఇచ్చింది. భోగరాజు నారాయణమూర్తి ‘విమలాదేవి’, కేతవరపు వేంకటశాస్త్రి ‘రాయచూరు యుద్ధము’ ఆ వాతావరణంలో వెలువడినవే. చందాదారు తనకు నచ్చిన పుస్తకాన్ని వెదుక్కోనక్కరలేదు. మండలి ఎన్నుకున్న పుస్తకమే అతని ఇంటికి వచ్చేది. ఆధునిక తెలుగులో సంస్థాగతమైన నవలా సిఫారసుకు దీన్ని తొలి రూపాలలో ఒకటిగా పరిగణించవచ్చు.

ఆ సిఫారసుకు ఒక హద్దు ఉంది. గతవైభవ స్మరణ ద్వారా జాతికి ఆత్మగౌరవం కలిగించడం చారిత్రక నవలల లక్ష్యం. పాఠకుడికి అవి చూపినవి విజయనగర వైభవం, రాజుల శౌర్యం. పరగణాలో వెట్టి చేస్తున్న రైతుకూలీకి ఆ కథలలో చోటు లేదు. గ్రంథమాలకు అండగా నిలిచిన మునగాల జమీందారీలోనే 1930ల నాటికి వెట్టికి, అక్రమ వసూళ్ళకు వ్యతిరేకంగా రైతులు ఉద్యమించారు. ఒకే కోట పుస్తకానికి ఆసరాగానూ ప్రజల ఫిర్యాదుకు కారణంగానూ నిలిచింది. దీనివల్ల కొమర్రాజు కృషి విలువ తగ్గదు. సిఫారసు చేసేవారి సామాజిక స్థానం సిఫారసు చేసే నవల ఇతివృత్తాన్ని ఎంతవరకు నిర్ణయిస్తుందో మాత్రం తెలుస్తుంది.

పీఠిక, నిషేధం

సిఫారసుకు రెండవ రూపం పీఠిక. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)కి కాశీనాథుని నాగేశ్వరరావు పీఠిక రాశారు. దళిత కుటుంబాన్ని కేంద్రంగా చేసుకున్న నవలకు జాతీయోద్యమంలో పేరున్న పత్రికాధిపతి బాసటగా నిలవడం సాహిత్య మర్యాదతో ముగిసే విషయం కాదు. అది బహిరంగంగా పూచీపడటం. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను 1923లో నిషేధించింది. ఆ తరువాత సడలిన నిషేధం 1936లో తిరిగి వచ్చి, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడిన తరువాత తొలగింది. నిషేధం ఉన్న కాలంలో ఈ నవలను చదవమని చెప్పడం సాహసమే.

నిజాం రాజ్యంలో సభకు సైతం సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయం పెట్టినా అనుమానమే. అటువంటి చోట నవల పేరు బజారులో కంటే నమ్మకమున్నవారి మధ్యనే ఎక్కువగా వినిపించింది. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన గోర్కీ ‘అమ్మ’ను ఉద్యమంలో పాతవారు కొత్తగా వచ్చినవారికి అందించడం ఆ తరంలో పరిపాటి. అక్షరం వచ్చినవారు తక్కువ కనుక ఒకరు చదివితే పదిమంది వినేవారు. ఆ వినికిడిని లెక్కలోకి తీసుకోకుండా అమ్ముడైన ప్రతులతోనే పఠనాన్ని కొలిస్తే తెలంగాణ పాఠకులలో అధికభాగం మన చరిత్ర నుంచి జారిపోతారు.

పుస్తకాలమ్మిన నవలాకారుడు

మూడవ రూపానికి వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) ప్రతినిధి. నకిరేకల్ సమీపంలోని చెరువు మాదారంలో పుట్టి, ఒక ఉపాధ్యాయుడికి వంట చేసిపెడుతూ చదువు నేర్చుకున్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, ప్రచురించిన పుస్తకాలను తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. ఇక్కడ ప్రచురణకర్త, అమ్మకందారు, సిఫారసుదారు ఒక్కరే. విజ్ఞాన చంద్రికా మండలి పాఠకుడు చందాపట్టీలో ఒక పేరు. ఆళ్వారుస్వామి పాఠకుడు ఎదురుగా నిలబడ్డ మనిషి. ఆ మనిషి ‘ఇందులో మా ఊరి సంగతి ఉందా?’ అని అడిగితే జవాబు చెప్పవలసినవాడు పుస్తకం మోసుకొచ్చినవాడే.

‘ప్రజల మనిషి’ (1955)ని ఆ జవాబుగా చదవడం సమంజసం. దిమ్మెగూడెం దొర రామభూపాలరావు దౌర్జన్యం, వెట్టి, కంఠీరవం ఎదుగుదల, ఆంధ్రమహాసభ ప్రభావం ఆ నవలకు ఇతివృత్తం. కథాస్థలం నిజామాబాదు ప్రాంతమే అయినా నల్లగొండ పాఠకుడికి అందులో పరాయిదేమీ లేదు. ఆయన మరణంతో అసంపూర్తిగా మిగిలిన ‘గంగు’ తరువాత, ఆ చరిత్రను నవలలో చెప్పే బాధ్యతను దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ (1969), ‘మోదుగు పూలు’ (1971), ‘జనపదం’ (1976)లలో కొనసాగించారు. ఇతివృత్తంతోపాటు తెలంగాణ పలుకుబడి కూడా నవలలో గౌరవస్థానం పొందింది.

ముగింపు

గ్రంథమాల ఎంపిక, పీఠిక, చేతి పంపిణీ అనే ఈ మూడు రూపాలలో సిఫారసుదారు పాఠకుడికి క్రమంగా దగ్గరయ్యాడు. ఆ దగ్గరితనంతోపాటు నవల రాజాస్థానం నుంచి ఊరి గడీ ముంగిటికి వచ్చింది. ఈ రెండు మార్పుల మధ్య ఉన్నది కాకతాళీయ సంబంధం కాదని ఆళ్వారుస్వామి జీవితం సూచిస్తున్నది.

నేడు నవలలను సిఫారసు చేసే పనిలో పెద్దభాగం పాఠ్యప్రణాళికలది, పరిశోధకులది. మనం తయారుచేసే జాబితాలు ఎవరి అనుభవాన్ని చేరుస్తున్నాయో, ఎవరిని వదిలేస్తున్నాయో చెప్పవలసిన బాధ్యత కూడా మనదే. చిలుకూరు, మునగాల, నడిగూడెం వంటి ఊళ్ళలో పుస్తకం చదివి వినిపించినవారి, విన్నవారి జ్ఞాపకాలు వృద్ధుల వద్ద, వారి కుటుంబాల వద్ద ఇంకా మిగిలి ఉండవచ్చు. వాటిని ఊరు, కాలం, పుస్తకం పేరుతో సహా నమోదు చేయడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన క్షేత్రకార్యం. ఆ పని జరిగితేనే తెలుగు నవలా చరిత్రలో పాఠకుడి అధ్యాయం మొదలవుతుంది.