ఎండోమెట్రియోసిస్ శస్త్రచికిత్స – సంతానసామర్థ్యం

గర్భాశయపు లోపొరను పోలిన కణజాలం అండాశయాలు, గర్భనాళాలు, పొత్తికడుపు పొర వంటి చోట్ల పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచంలో పునరుత్పత్తి వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంటుందని అంచనా. నెలసరి రక్తం గర్భనాళాల గుండా వెనక్కి పారడమే దీనికి మూలమన్న సిద్ధాంతాన్ని జాన్ శాంప్సన్ 1927లో బలంగా ప్రతిపాదించాడు.

శస్త్రచికిత్స ప్రధానంగా లాపరోస్కోపీ ద్వారా జరుగుతుంది. బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, కడుపును కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బించి, ఈ కణజాలపు మచ్చలను కోసి తీస్తారు లేదా కాలుస్తారు, అవయవాల మధ్య అతుకులను విడదీస్తారు. దీనివల్ల గర్భధారణ అవకాశం పెరుగుతుందా అని చూసిన, 1997లో వెలువడిన కెనడా పరీక్షలో వ్యాధి స్వల్పంగా ఉన్న 341 మంది పాల్గొన్నారు. మచ్చలు తొలగించినవారిలో 30.7 శాతం, పరిశీలనకే పరిమితమైనవారిలో 17.7 శాతం గర్భం దాల్చారు. 1999 నాటి చిన్న ఇటలీ పరీక్షలో ఈ మేలు కనిపించలేదు.

అండాశయంలో ఈ వ్యాధి వల్ల ఏర్పడే చాక్లెట్ సిస్టు (ఎండోమెట్రియోమా) విషయంలో జాగ్రత్త చాలా అవసరం. సిస్టు గోడను ఒలిచి తీస్తే, ద్రవం తోడి గోడను కాల్చడంతో పోలిస్తే, తిరగబెట్టడం తక్కువ, సహజ గర్భధారణ ఎక్కువ. అయితే గోడతోపాటు ఆరోగ్యకరమైన అండకోశాలూ పోయి అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ హార్మోన్ స్థాయి పడిపోతుంది; రెండు వైపులా చేస్తే నష్టం మరింత. అందుకే ఐవీఎఫ్‌కు ముందు మామూలుగా సిస్టు తీయడాన్ని 2022 నాటి ఐరోపా మార్గదర్శకాలు సిఫారసు చేయలేదు.