తూలితే తాగినట్టేనా?

1968. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డు. ఇంకా ఆఫీసుల వేళ కూడా కాలేదు.

లియొనోర్ వెక్స్‌లర్ కారు ఆపి దిగింది. యాభై దాటిన మనిషి. ఆ రోజు కోర్టులో జ్యూరీ సభ్యురాలిగా కూర్చోవాలి. రోడ్డు దాటుతోంది. అడుగు తిన్నగా వేద్దామనుకుంటే పక్కకి పడుతోంది. ఒక పోలీసు గమనించాడు. దగ్గరికొచ్చి, పొద్దుటే తాగి రోడ్డెక్కడానికి సిగ్గుగా లేదా అని నిలదీశాడు.

ఆమె చుక్క ముట్టలేదు.

పోలీసును తప్పుపట్టి లాభం లేదు. ఆ నడకను చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. కానీ లియొనోర్‌కు మాత్రం కాళ్ల కింద నేల కదిలింది. ఆమె తండ్రి ఇలాగే తూలి తూలి పోయాడు. ముగ్గురు అన్నదమ్ములకూ ఇదే జబ్బని 1950లో డాక్టర్లు తేల్చారు. ఆమె చదువులేని మనిషేం కాదు, కొలంబియా యూనివర్సిటీలో జంతుశాస్త్రంలో మాస్టర్స్ చేసింది. అయినా ఈ జబ్బు మగవాళ్లకే వస్తుందని నమ్ముతూ బతికింది. మనకు రాదులే అనుకోవడానికి ఎంత చదువైనా అడ్డం రాదు.

జబ్బు పేరు హంటింగ్టన్. 1872లో అమెరికాలో జార్జ్ హంటింగ్టన్ అనే కుర్ర డాక్టరు దాని గురించి రాశాడు. సాధారణంగా ముప్పై, యాభై ఏళ్ల మధ్య మొదలవుతుంది. వేళ్లు వాటంతటవే కదులుతాయి. ముఖం వంకర్లు పోతుంది. నడక నాట్యంలా మారుతుంది. మాట ముద్దవుతుంది. జ్ఞాపకం జారుతుంది, కోపం పెరుగుతుంది. పది పదిహేనేళ్లలో, కొందరికి ఇరవయ్యేళ్లలో మనిషిని తీసుకుపోతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసే, సగానికి సగం. అన్నకు వచ్చింది కాబట్టి చెల్లికి రాదన్న లెక్క లేదు. ప్రతి బిడ్డకూ నాణెం మళ్లీ కొత్తగా ఎగురుతుంది.

లియొనోర్ భర్త మిల్టన్ వెక్స్‌లర్ మానసిక విశ్లేషకుడు. అప్పటికే ఇద్దరూ విడిపోయారు. కానీ బావమరుదుల జబ్బు సంగతి ఆయనకు పద్దెనిమిదేళ్లుగా తెలుసు. వాళ్ల ఖర్చులు భరించడానికే టొపీకాలోని పేరున్న మెనింగర్ క్లినిక్ వదిలి, నాలుగు డబ్బులొచ్చే ప్రైవేటు ప్రాక్టీసు కోసం లాస్ ఏంజెలెస్ వచ్చాడు. హాలీవుడ్ జనం ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు. లోకం గుట్టంతా విప్పించే ఆ మనిషి సొంత ఇంటి గుట్టును మాత్రం కూతుళ్ల చెవిన పడనివ్వలేదు.

మన ఇళ్లలో మాత్రం వేరేగా ఉంటుందా? ‘వాళ్లింట్లో ఏదో ఉందట’ అన్న ఒక్క మాట చాలు, వచ్చిన సంబంధం గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది. అందుకే మేనమామకి ‘నరాల బలహీనత’, తాతకి ‘వయసు మీద పడింది’, బాబాయికి ‘తాగుడు’.

ఆ 1968 ఆగస్టులోనే మిల్టన్‌కు అరవై నిండాయి. కూతుళ్లిద్దరూ వచ్చారు. పెద్దమ్మాయి ఆలిస్‌కు 26. చిన్నమ్మాయి నాన్సీకి 23. ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాడు. మీ అమ్మకు వచ్చింది, మీ ఇద్దరికీ సగం సగం అవకాశం ఉంది అన్నాడు. అక్కాచెల్లెళ్లు అప్పటికప్పుడే పిల్లల్ని కనకూడదనుకున్నారు. ఇద్దరూ కనలేదు.

ఆ ముందు ఏడాదే జానపద గాయకుడు వుడీ గత్రీ ఇదే జబ్బుతో చనిపోయాడు. ఆయన భార్యగా ఉన్న మార్జొరీ గత్రీ బాధిత కుటుంబాలను కూడగట్టి ఒక సంఘం పెట్టింది. మిల్టన్ మొదట దానికి కాలిఫోర్నియాలో శాఖ తెరిచాడు. ఆమె పట్టు కుటుంబాల ఆదరణ మీద, ఆయన పట్టు పరిశోధన మీద. కొన్నేళ్లకు ఆయన దారి వేరైంది. అదే హెరిడిటరీ డిసీజ్ ఫౌండేషన్, అంటే వంశపారంపర్య వ్యాధుల సంస్థ.

మిల్టన్ శాస్త్రవేత్త కాడు. ఆ లోటే సంస్థకు కలిసొచ్చింది. పేరు మోసిన పెద్దల్ని పిలిచి దండలు వేయకుండా, కుర్ర పరిశోధకుల్ని ఒక గదిలో కూర్చోబెట్టాడు. స్లైడ్లు వద్దు, రాసుకొచ్చిన ఉపన్యాసాలు వద్దు, బుర్రలో ఉన్నది కక్కండి అన్న పద్ధతి. మానసిక రోగుల బృందాన్ని ఎలా మాట్లాడించేవాడో, వీళ్లనూ అలాగే మాట్లాడించాడు. ముందుగా ఒక రోగిని తెచ్చి వాళ్ల ఎదుట కూర్చోబెట్టేవాళ్లు. పరీక్షనాళికలో తప్ప జబ్బును చూడని వాళ్లకు ఆ వణుకుతున్న చేతులు చూశాక రాత్రి నిద్ర పట్టేది కాదట.

1979లో అలాంటి ఒక సమావేశంలోనే అసలు దారి దొరికింది. జన్యువు ఎక్కడుందో తెలియదు. కానీ డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ తేడా ఉండే చోట్లు గుర్తులుగా పనికొస్తాయని అప్పుడప్పుడే తెలుస్తోంది. కొత్త ఊళ్లో ఇంటి నంబరు తెలియకపోయినా, ఇంటి పక్క రావిచెట్టు ఉందంటే ఆ వీధిలోకి చేరిపోతాం కదా, అలాంటిదే. రోగులందరిలో ఒకే రావిచెట్టు కనబడితే జన్యువు ఆ దరిదాపుల్లోనే ఉన్నట్టు. కుదరదన్నవాళ్లూ ఉన్నారు, యాభై ఏళ్లు పట్టొచ్చన్నవాళ్లూ ఉన్నారు. పైగా ఈ వెతుకులాటకు చిన్న కుటుంబం చాలదు. తాతలు, ముత్తాతలు, దాయాదులు అంతా ఒక్కచోట ఉన్న పెద్ద వంశం కావాలి.

అది వెనిజులాలో ఉంది.

మరకైబో సరస్సు ఒడ్డున శాన్ లూయిస్, బరాంకీటాస్ లాంటి చోట్లు. నీళ్ల మీద గుంజలు పాతి కట్టుకున్న ఇళ్లతో లగునెటా అనే పల్లె. చేపలు పట్టి బతికే పేదలు. 1950లలో అమెరికో నెగ్రెట్ అనే డాక్టరు ఉద్యోగం మీద అక్కడికి వెళ్లాడు. వీధిలో తూలుతూ నడిచేవాళ్లను చూసి ఇంతమంది తాగుబోతులా అనుకున్నాడు. తాగలేదు డాక్టరుగారూ, ఇది జబ్బు అని ఊరివాళ్లే దిద్దారు. లాస్ ఏంజెలెస్ పోలీసుదీ మరకైబో డాక్టరుదీ ఒకటే పొరపాటు. తేడా ఏమిటంటే, డాక్టరు ఆగి విన్నాడు. ఆ జబ్బు మీద పుస్తకమే రాశాడు. 1972లో ఆయన శిష్యుడొకరు అమెరికాలోని ఒహాయోలో జరిగిన సదస్సులో ఆ పల్లెల సినిమా వేసి చూపించాకే బయటి ప్రపంచానికి తెలిసింది.

ఆ తర్వాత నాన్సీ మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకుంది. 1978లో, మదర్స్ డే నాడు లియొనోర్ కన్నుమూసింది. మరుసటి ఏడాదే నాన్సీ సరస్సు దారి పట్టింది. 1981 నుంచి ఏటా వెళ్లింది. బంగారు రంగు జుట్టు కాబట్టి ఊరివాళ్లు ఆమెను ‘ల కతీరా’ అని పిలిచేవాళ్లు, బంగారు జుట్టు పిల్లా అన్నట్టు.

ఇక్కడొక దృశ్యం దగ్గరగా చూడాలి. ఎండ. రేకుల కప్పు కింద జనం. రక్తం కావాలి, చర్మం ముక్క కూడా కావాలి అంటోంది విదేశీ బృందం. ఎందుకివ్వాలి? మా రక్తంతో మీకేం పని? మీ దేశంలో ఈ జబ్బు లేదు కదా? మాకు మాత్రమే ఎందుకు సూదులు? గుసగుసలు పెరిగాయి. నాన్సీ తన తల్లి గురించి చెప్పింది. నమ్మనట్టే చూశారు. అప్పుడు బృందంలోని అర్జెంటీనా నర్సు చప్పున నాన్సీ చెయ్యి పట్టుకుంది. ఒక్కొక్కరి ముందూ ఆ చేతిని ఎత్తి చూపించింది. దాని మీద చిన్న మచ్చ. పరిశోధన కోసం నాన్సీ కూడా తన చర్మం ముక్క ఇచ్చింది, ఆ గాటే అది. ఈమె కూడా మీలాంటిదే, చూడండి, గుర్తుంది అని నర్సు ఊరంతటికీ చాటింది.

చేతులు చాచారు జనం.

ఆ రక్తం పాడవకముందే విమానంలో బోస్టన్ చేరాలి. అక్కడ మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో జేమ్స్ గుసెల్లా అనే కుర్రాడు డీఎన్‌ఏ గుర్తుల్ని ఒక్కొక్కటే పోల్చి చూస్తున్నాడు. వందలకొద్దీ చూడాల్సి వస్తుందనుకున్న పని డజను గుర్తులకే తెమిలింది. జీ8 అనే గుర్తు జబ్బుతో పాటు నడిచింది. 1983 నవంబర్‌లో ‘నేచర్’ పత్రికలో అచ్చయింది. హంటింగ్టన్ జన్యువు నాలుగో క్రోమోజోము మీద ఉంది. అదృష్టం కాకపోతే ఏమిటంటారు? కానీ ఆ అదృష్టానికి ముందు వందల చేతుల రక్తం ఉంది. అలా పెరుగుతూ వచ్చిన వంశవృక్షంలో చివరికి పద్దెనిమిది వేలకు పైగా మనుషులు చేరారు. పది తరాలు. వేర్లు తవ్వుకుంటూ పోతే 1800ల మొదట్లో బతికిన మరియా కన్సెప్సియోన్ అనే ఒక్క ఆడమనిషి దగ్గర తేలారు. నాన్సీ పనిచేసిన కొలంబియా యూనివర్సిటీలో ఆమె గది బయట నడవా గోడల నిండా ఆ వృక్షమే అతికించి ఉండేది.

గుర్తు దొరికింది కాబట్టి పరీక్ష వచ్చింది. 1986 నుంచి, జబ్బు రాకముందే వస్తుందో రాదో చెప్పే వీలు కలిగింది. మందు మాత్రం లేదు.

ఇన్నేళ్ల పరుగు పరీక్ష కోసమే. తీరా అది చేతిలోకి వచ్చాక అక్కాచెల్లెళ్లూ తండ్రీ కూర్చుని మాట్లాడుకున్నారు. ఇద్దరిలో ఒకరికి ఉందని తేలితే? ఇద్దరికీ ఉంటే? ఒకరికి లేదని తేలిన సంతోషం రెండోవాళ్ల ముందు ఎలా పడాలి? మందు లేని జబ్బుకు తారీఖు తెలుసుకుని ఏం చేసుకోవాలి? చేయించుకోలేదు. లోకానికి తలుపు తీసిన మనిషి తాను లోపలికి వెళ్లలేదు. పిరికితనం అన్నవాళ్లు ఉన్నారు. నాకలా అనిపించదు. ఈ పరీక్ష అందుబాటులో ఉన్న దేశాల్లో కూడా ముప్పున్న వాళ్లలో ఎక్కువమంది ఇప్పటికీ దాని జోలికి పోరు.

జన్యువును పట్టడానికి మరో పదేళ్లు పట్టింది. ఫౌండేషన్ ఆరు ప్రయోగశాలల్ని ఒక తాటిమీదికి తెచ్చింది. ఒకరి పేరు ముందు, ఒకరి పేరు వెనక అన్న పేచీ రాకుండా 58 మంది కలిసి ఒకే పేరుతో 1993 మార్చిలో ఫలితం ప్రకటించారు. ఆ జన్యువులో సీ-ఏ-జీ అనే మూడక్షరాలు అరిగిపోయిన రికార్డులా మళ్లీ మళ్లీ వస్తాయి. 35 సార్ల వరకూ ఫర్వాలేదు. 40 గానీ ఆపైన గానీ ఉంటే జబ్బు తప్పదు. ఎంత ఎక్కువైతే అంత చిన్నవయసులో.

ఈ కథలో నాకు మింగుడుపడని ముక్క ఒకటుంది. రక్తమిచ్చిన ఊళ్లకు ఏం దక్కింది? 1999లో ఫౌండేషన్ సాయంతో మరకైబోలో రోగుల కోసం ఒక ఆశ్రమం తెరిచారు. అన్నం, మందులు, పక్కలు. తర్వాత నిధుల్లేక అదీ మూతపడింది. 2017 మేలో సరస్సు పల్లెల కుటుంబాలు కొన్ని వాటికన్ వెళ్లి పోప్ ఫ్రాన్సిస్‌ను కలిశాయి. జబ్బును ఇక దాచొద్దన్నాడాయన. దాచకుండా చేతులు చాచిన వాళ్లకే ఆ మాట చెప్పాల్సి రావడం చిత్రం. వాళ్ల డీఎన్‌ఏతో మొదలైన మందుల ప్రయోగాలు మాత్రం అమెరికాలో, యూరప్‌లో జరుగుతున్నాయి. తప్పు ఒక్క ఫౌండేషన్‌దే అనలేను. వెనిజులా కుప్పకూలిన తీరు అందరికీ తెలుసు. కానీ బాకీ బాకీయే.

మిల్టన్ 2007లో, 98 ఏళ్లకు వెళ్లిపోయాడు. ఫౌండేషన్ భారం నాన్సీ మోసింది. తర్వాత్తర్వాత ఆమె అడుగు తడబడసాగింది, మాట ముద్దవసాగింది. చుట్టుపక్కలవాళ్లు చూస్తూనే ఉన్నారు, ఎవరూ పైకి అనలేదు. 2020 మార్చిలో, 74 ఏళ్ల వయసులో, న్యూయార్క్ టైమ్స్ విలేకరికి ఆమే చెప్పింది. తనకూ హంటింగ్టన్ వచ్చిందని. నాణెం బొరుసు పడింది.

మీ వీధిలో నలభై ఏళ్ల మనిషి ఒకరు తాగకుండానే తూలుతుంటే, వాళ్ల నాన్నో మేనమామో కూడా అలాగే పోయారని విని ఉంటే, నరాల డాక్టరుకు చూపించమని చెప్పండి. వణుకు, కుదుపులు తగ్గించే మందులున్నాయి. బెంగళూరు నిమ్హాన్స్‌లో జన్యు పరీక్ష చేస్తారు. పరీక్షకు ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు. విన్నాక, వద్దనిపిస్తే చేయించుకోకుండా తిరిగి రావచ్చు.