పది నిమిషాల చికెన్ నూడుల్స్: ఆ పది నిమిషాలు ఎవరివి?

మొన్నొక రోజు ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటింది. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, మెట్టుగూడలో దిగి, లాలాగూడ సందుల్లో నడుచుకుంటూ వచ్చేసరికి కడుపు నకనకలాడుతోంది. ఫోన్లో ఆర్డర్ పెడదామని చూస్తే నలభై అయిదు నిమిషాలన్నాడు. ఫ్రిజ్‌లో కాస్త బోన్‌లెస్ చికెన్, అలమరలో హక్కా నూడుల్స్ పాకెట్ ఉన్నాయి. ఇంకేముంది, బాణలి పొయ్యి మీద పెట్టేశాను.

పొద్దున్నే మెట్ల దగ్గర మా ఓనరు అంకుల్ ఆపారు. రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరైన మనిషి.

"ఏందయ్యా, రాత్రి పదకొండింటికి గా టంగుటంగు చప్పుడు? ఏం జేసినవ్?"

"చికెన్ నూడుల్స్ అంకుల్. పది నిమిషాల్లో అయిపోయింది."

"పది నిమిషాల్లనా? మా అమ్మ కోడికూర పొద్దుగాల మొదలువెడితే పగటికి అయ్యేది," అని నవ్వి, "మేము సైరన్ మోగితే తింటుంటిమి. మీరు ఫోన్ మోగనప్పుడు తింటున్నరు. గంతే తేడా" అన్నారు.

ఆయన నవ్వులాటకే అన్నారుగానీ ఆ రోజంతా ఆ మాట నన్ను వదల్లేదు. ఆవిడకి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టిన పని నాకు పది నిమిషాల్లో ఎలా అయింది? నా చేతివాటం గొప్పదేం కాదు, ఆ సంగతి నా వంట తిన్నవాళ్ళందరికీ తెలుసు :-) మరి మిగిలిన గంటలన్నీ ఎక్కడికి పోయినట్టు?

ముందు మా పేట సంగతి. వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలు వచ్చింది 1874లో. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. ఆ కంపెనీ 1893లో లాలాగూడలో వర్క్‌షాప్ పెట్టింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక అది దాని కిందికొచ్చింది, ఇప్పటికీ పనిచేస్తోంది. దాని చుట్టూ క్వార్టర్లు, ఆసుపత్రి, బళ్ళు పుట్టుకొచ్చాయి. తెలుగువాళ్ళు, తమిళులు, ఆంగ్లో ఇండియన్లు పక్కపక్కనే కాపురాలు పెట్టారు. పొద్దు పొడిచినప్పుడు పొలానికెళ్ళి, పొద్దు వాలినప్పుడు ఇంటికొచ్చే మనుషులు గడియారం ప్రకారం బతకడం మొదలైంది ఇలాంటి చోట్లే. మగవాడు వేళకి గేటు దాటాలంటే అంతకుముందే క్యారియర్ సిద్ధమవ్వాలి. గేటు దగ్గర ఎన్నింటికి సైరన్ మోగినా, ఇంట్లో ఆడవాళ్ళకి అంతకు మూడు గంటల ముందే మోగినట్టు లెక్క.

ఈ చిక్కు ఒక్క లాలాగూడదే కాదు. మన వర్క్‌షాప్ కంటే ఓ పదేళ్ళ ముందే స్విట్జర్లాండ్‌లో ఇదే పెద్ద చర్చ అయింది. అక్కడ ఆడవాళ్ళు కూడా ఫ్యాక్టరీల్లో పనికి వెళ్తున్నారు. ఇంటికొచ్చి వండే ఓపికా లేదు, సమయమూ లేదు. కార్మికుల పిల్లలకి సరైన తిండి అందడం లేదని అక్కడి ప్రజా సంక్షేమ సంఘం ఆందోళన పడి, పిండిమర నడిపే జూలియస్ మాగీ అనే ఆయన్ని సాయమడిగింది. ఆయన బఠాణీలు, చిక్కుడు గింజల పిండితో త్వరగా ఉడికే సూపు పొడులు తయారుచేశాడు. 1886 నాటికి అవి బజార్లోకొచ్చేశాయి. అవును, ఆ మాగీయే ఈ మ్యాగీ! ఇక్కడొకటి గమనించాలి. పని గంటలు ఇంకా తగ్గించవచ్చు, మగవాళ్ళు కూడా గరిటె పట్టుకోవచ్చు. వాటన్నిటి కంటే పప్పుల పొడి కనిపెట్టడమే తేలికైంది.

తర్వాతి మలుపు జపాన్‌లో. యుద్ధం తర్వాతి కరువు రోజుల్లో జనం నూడుల్స్ కోసం బళ్ళ ముందు బారులు తీరడం చూసిన మొమొఫుకు ఆండో, ఇంటి వెనక షెడ్డులో ప్రయోగాలు చేసి 1958లో ఇన్‌స్టంట్ నూడుల్స్ తెచ్చాడు. కిటుకు చిన్నదే. ఉడికించిన నూడుల్స్‌ని నూనెలో వేయిస్తే లోపలి నీరు ఆవిరై సన్నసన్నటి రంధ్రాలు మిగులుతాయి. మళ్ళీ వేడినీళ్ళు పోస్తే ఆ రంధ్రాల్లోంచి నీరు గబగబా లోపలికి వెళ్ళిపోతుంది. అంటే మన వంటలో సగం ఫ్యాక్టరీలోనే అయిపోయింది, మనం చేసేది చివరి మెట్టు మాత్రమే. మన భాషలో చెప్పాలంటే ముందే కంపైల్ చేసి పెట్టిన లైబ్రరీ అన్నమాట. అన్నట్టు ఆ మొదటి పాకెట్ రుచి కూడా చికెనే. మన దేశానికి మ్యాగీ నూడుల్స్ 1983లో వచ్చాయి. ఇక్కడ కూడా ఆ రెండు నిమిషాల హామీ ఇచ్చింది అమ్మలకే, నాన్నలకి కాదు.

అయితే నేను ఆ రాత్రి చేసుకున్నది మసాలా పొట్లంతో ఉడికించేది కాదు, బాణలిలో వేయించేది. దాని దారి వేరు, అది కలకత్తా నుంచి వచ్చింది. పాకెట్ మీద హక్కా అని ఉంటుంది కదా, అది వంట పేరు కాదు, చైనాలో ఒక జనం పేరు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వారన్ హేస్టింగ్స్ కాలంలో టాంగ్ అచ్యూ అనే ఆయన హుగ్లీ ఒడ్డున చక్కెర మిల్లు పెట్టాడు. ఆయన పేరు మీదే ఆ ఊరు అచీపూర్ అయింది. తర్వాత వచ్చినవాళ్ళలో ఒక్కొక్కరిది ఒక్కో పని. వడ్రంగులు, పళ్ళ వైద్యులు, తోళ్ళు శుద్ధి చేసే హక్కాలు. ఈ హక్కాలే టాంగ్రాలో స్థిరపడ్డారు. అక్కడి తోళ్ళ పరిశ్రమలను ఊరి బయటికి తరలించాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక, టాంగ్రా హోటళ్ళ పేటగానే ఎక్కువ పేరు తెచ్చుకుంది.

మధ్యలో 1962 ఉంది. చైనాతో యుద్ధం రాగానే అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ లాంటి చోట్ల నుంచి సుమారు మూడు వేలమంది చైనా సంతతి వాళ్ళని పట్టుకుని, రైళ్ళలో రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తీసుకెళ్ళారు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు కూడా అందులో ఉన్నారు. వాళ్ళలో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు, చైనా మొహం ఎరగనివాళ్ళు. కోర్టు లేదు, విచారణ లేదు. కొందరిని 1967 దాకా వదల్లేదు. బయటికొచ్చి చూసుకుంటే ఇల్లూ కొట్టూ మిగలనివాళ్ళు ఎందరో. చాలామంది కెనడాకి వెళ్ళిపోయారు.

నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. బళ్ళో 1962 అంటే సరిహద్దు మ్యాపు ఒక్కటే చెప్పారు. ఒకపక్క చైనీస్ తిండి అని లొట్టలేసుకుంటూ తింటాం. ఆ తిండి మనకి నేర్పిన వాళ్ళ జీవితంలోంచి మనమే నాలుగైదేళ్ళు కోసేశామని మాత్రం మనకి తెలీదు.

అయినా ఆ వంట ఆగలేదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో, ఎవరో కొత్తగా ఏదైనా చెయ్యమంటే మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితోనే మొదలుపెట్టి, గరం మసాలాకి బదులు సోయా సాస్ పోసి చికెన్ మంచూరియా చేశానని చెప్పేవాడు. మన సికింద్రాబాద్‌లో పాతవాళ్ళకి చైనీస్ అంటే పార్క్ లేన్‌లోని నాన్‌కింగ్ గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి బళ్ళ మీదికి దిగేసరికి నూడుల్స్‌లో కారం, కరివేపాకు కూడా చేరాయి. ఇదేం వింత కాదు. మన చారునే ఆంగ్లో ఇండియన్లు పెప్పర్ వాటర్ చేసుకున్నారు. పనికోసం మనుషులు కదిలితే వంటలు కూడా వాళ్ళతో కదులుతాయి.

ఇంక కోడి సంగతి. అంకుల్ వాళ్ళమ్మగారు వండింది నాటుకోడి. అది నెలల తరబడి పెరట్లో తిరిగి గట్టిపడ్డ కండ, ఉడకాలంటే సమయం పడుతుంది. నేను వండింది ఆరు వారాల్లో రెండు కిలోలు తూగే బ్రాయిలర్. కండ ముదరకముందే కత్తికి వచ్చేస్తుంది కాబట్టి నాలుగు నిమిషాల్లో ఉడుకుతుంది. మన దేశంలో ఈ మార్పుకి ముఖ్య కారకుల్లో ఒకరు తెలుగువాడైన బి.వి. రావు. ఆయన 1971లో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. గుడ్ల ధర రైతులే నిర్ణయించుకోవాలని 1982లో నెక్ ఏర్పాటులో ముందు నిలబడ్డారు. దీనివల్ల పండక్కి మాత్రమే తినే కోడి వారానికోసారి వచ్చింది, అది మంచిదే. కానీ నా వంటలో మిగిలిన గంట, ఆ కోడి ఆయుష్షులోంచి తీసిన నెలలే.

పొయ్యి కూడా చూడండి. బాణలి వంటకి ఎక్కువ మంట కావాలి, అదీ తిప్పగానే రావాలి. కట్టెల పొయ్యి రాజేసి పది నిమిషాల్లో ముగించడం కష్టం. ఇండేన్ గ్యాస్ 1965లో మొదలైనా, కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళు మనకి తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేద మహిళలకి కనెక్షన్లిచ్చే దీపం పథకం వచ్చింది 1999లో. అంటే నా పది నిమిషాల నూడుల్స్ చాలా ఇళ్ళలో పాతికేళ్ళ క్రితం దాకా అంత తేలిక కాదు.

సరే, ఇంత చదివారు కాబట్టి ఎలా చెయ్యాలో కూడా చెప్పేస్తాను. ఇద్దరికి సరిపడా లెక్క. రెండు వందల గ్రాముల బోన్‌లెస్ చికెన్‌ని కండ పోగులకి అడ్డంగా సన్నగా కోసి, చెంచాడు సోయా సాస్, చెంచాడు కార్న్‌ఫ్లోర్, మిరియాల పొడి పట్టించి పక్కన పెట్టండి. నూట యాభై గ్రాముల నూడుల్స్‌ని పాకెట్ మీద రాసిన దానికంటే ఒక నిమిషం తక్కువ ఉడికించి, వార్చి, చన్నీళ్ళు పోసి, కొంచెం నూనె రాయండి. లేకపోతే ముద్దవుతాయి. బాణలి పొగలొచ్చేదాకా కాగాక నూనె వేసి, చికెన్ ముక్కలు ఒకే పొరగా పరచి మూడు నాలుగు నిమిషాలు వేయించండి. లోపల ఎరుపు పోయాక తీసేయండి. అదే బాణలిలో వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, క్యాబేజీ, క్యాప్సికం వేసి రెండు నిమిషాలు. తర్వాత నూడుల్స్, చికెన్, పెద్ద చెంచాడు సోయా సాస్, చిన్న చెంచాడు వెనిగర్. రుచి చూసి ఉప్పు. రెండు నిమిషాలు ఎగరేసి, ఉల్లికాడలు చల్లి దించేయడమే. అన్నీ ఒకేసారి కుమ్మరించకండి. మన ఇంటి బర్నర్‌కి బండివాడి పొయ్యి అంత వేడి ఉండదు. బాణలి నిండిపోతే ముక్కల్లోంచి నీరు దిగి, వేగాల్సింది ఉడికిపోతుంది. నలుగురికైతే రెండు వాయిలుగా చెయ్యండి.

గడియారం పెట్టి చూశాను. ఇదంతా పొయ్యి మీద నిజంగానే పది నిమిషాలు. తరగడానికి పదిహేను, గిన్నెలు తోమడానికి ఇంకో పది. ఆ పాతిక నిమిషాలు నా లెక్కలోకి ఎందుకు రాలేదా అని ఆలోచిస్తే కాస్త సిగ్గేసింది. మా ఇంట్లో అవి ఎప్పుడూ నా లెక్కలోవి కావు. అమ్మ తరిగేది, అమ్మే తోమేది. నేను ఎప్పుడైనా సరదాగా గరిటె తిప్పి, "వంట ఎంతసేపమ్మా, పది నిమిషాలు" అనేవాణ్ణి.

త్వరగా అయ్యే వంట తప్పని నేననడం లేదు. ఆ సూపు పొడి వల్ల కడుపునిండిన పిల్లలున్నారు, గ్యాస్ వల్ల పొగ తప్పిన కళ్ళున్నాయి. కానీ సమయం ఎక్కడా ఉత్తినే పుట్టదు. నాకు మిగిలిందంటే ఎక్కడో ఎవరో ఖర్చుపెట్టారని అర్థం. ఆ ఎవరో ఎవరన్నది కనీసం తెలుసుకుని తినాలి కదా.

పోయిన ఆదివారం కాస్త ఎక్కువే చేసి ఒక గిన్నెడు కింద అంకుల్ వాళ్ళకి ఇచ్చాను. అంకుల్ రెండు ముద్దలు తిని, "మంచిగున్నది, గానీ ఇది అన్నమైతే గాదు" అన్నారు. ఆంటీ మాత్రం గిన్నెలో క్యాబేజీ వైపు చూసి అడిగారు.

"ఇంత సన్నగ ఎవరు తరిగిన్రు?"

"నేనే ఆంటీ."

"అయితె పది నిమిషాలు గాదు," అన్నారు.