తేనెపిట్ట సాక్ష్యం

ఒడిశాలో రాయగడ దగ్గరున్న జేకేపూర్ కథ ఎవరు చెప్పినా 1962లో వెలసిన కాగితం మిల్లుతోనే మొదలవుతుంది. ఊరి పేరే మిల్లు పెట్టిన సంస్థది. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ ఏజెన్సీగా ఉన్న ఈ కొండల్లో అడవి ఏమైందన్న ప్రశ్న మాత్రం నేటికీ తేలలేదు. పెరటి మందారాల మీద తేనెపిట్ట కనబడుతూనే ఉంది కాబట్టి అడవికి పెద్దగా నష్టం జరగలేదనుకోవడం సులువు. ఆ పిట్ట సాక్ష్యాన్ని మనం తప్పుగా చదువుతున్నామని నా వాదన. మిల్లుకు మొదట్లో ముఖ్యంగా కావలసింది వెదురు. వెదురు పూసేదే దశాబ్దాలకోసారి. పూసినా తేనె ఉండదు, పుప్పొడిని గాలే మోస్తుంది. కాబట్టి వెదురు నరికినందుకు తేనెపిట్ట ఆకలితో చావదు. దాని అడవి తిండి మోదుగలో, బూరుగులో, అన్నిటికన్నా చెట్ల కొమ్మలను పట్టి పెరిగే బదనికలో ఉంది. కొంకణంలో బదనిక వ్యాప్తికి పిట్టలు చేసే సాయం గురించి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే రాశారు. బదనిక గొట్టపు పువ్వులోకి వంపు ముక్కు దూర్చినప్పుడు తలకు పుప్పొడి అంటుతుంది, తర్వాతి పువ్వుకు చేరుతుంది. మందారం దగ్గర అదే పిట్టను గమనించండి: తరచూ పువ్వు నోటి జోలికే పోదు, అడుగున పక్క నుంచి గుచ్చి తేనె లాగేస్తుంది, పుప్పొడిని తాకనే తాకదు. పెరట్లో దాని కడుపు నిండుతుంది, కానీ అడవిలో చేసే పని అక్కడ జరగదు.

అడవిని తిన్నది పోడు కదా, మిల్లునెందుకు అనడం అని కొందరంటారు. బీడు పెట్టే ఏళ్లు తగ్గినకొద్దీ పోడు కొండల్ని బోడి చేసిన మాట నిజమే. అయినా పోడు కొట్టేవాళ్లు మామిడినీ ఇప్పనూ చింతనూ పనికొచ్చే చెట్లుగా మిగిల్చారు. ఆ మామిడి కొమ్మల మీదే బదనిక బతికింది. మరి నీలగిరి తోటల మాటేమిటి? పరిశ్రమలు ముడిసరుకును రైతుల ద్వారా పెంచుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. రాయగడ, కోరాపుట్ చుట్టుపక్కల నీలగిరి, సరుగుడు తోటలు పెరిగాయి, అడవి మీద వత్తిడీ కొంత తగ్గింది. దాన్ని కాదనను. నీలగిరి పూతలో తేనె ఉంటుంది, పిట్టా వాలుతుంది. అయితే కాగితం గుజ్జు కోసం పెంచే ఆ చెట్లను కొద్ది ఏళ్లకే కొట్టేస్తారు కాబట్టి ఆ తిండి నిలవదు. సరుగుడు పూతలో తేనే లేదు. జేకేపూర్ చుట్టూ అడవి ఎంత మిగిలిందో తెలియాలంటే, మందారాల మీది పిట్టల్ని కాదు, ముసలి మామిళ్ల మీది బదనికను లెక్కపెట్టాలి.