కమ్లూప్స్ బడి, సెయింట్ ఆన్ సిస్టర్లు

కెనడాలో ఆదివాసీ పిల్లల రెసిడెన్షియల్ బడుల చరిత్ర చెప్పేటప్పుడు ప్రభుత్వం పేరు, ఫాదర్ల పేరు ముందుగా వస్తాయి. కానీ ఆ పిల్లల్ని పొద్దున్నే లేపినవాళ్లు, కుట్టుపని నేర్పినవాళ్లు, వడ్డించినవాళ్లు, అక్షరాలు దిద్దించినవాళ్లు చాలాచోట్ల సిస్టర్లే. అలాంటి సంఘాల్లో ఒకటి సెయింట్ ఆన్ సిస్టర్లది. అది మొదలైన తీరు తెలిస్తే, తర్వాత జరిగింది మనల్ని ఇంకా ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఎస్తర్ బ్లాండిన్ 1809లో క్విబెక్ ప్రాంతంలో పేద రైతు ఇంట పుట్టింది. ఇరవై ఏళ్లు దాటేదాకా ఆమెకు చదవడం రాదు. సిస్టర్ల దగ్గర పనిమనిషిగా చేరి అక్కడే చదువుకుంది, తర్వాత పల్లెటూరి బడిలో పంతులమ్మ అయింది. అప్పట్లో మగపిల్లలకు మగవాళ్లే, ఆడపిల్లలకు ఆడవాళ్లే చదువు చెప్పాలని చర్చి నియమం. రెండు బడులు పెట్టే స్తోమత లేని ఊళ్లలో ఒక్క బడీ ఉండేది కాదు. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి చదివించాలని ఆమె పట్టుబట్టి 1850లో వోద్రెయ్‌లో ఈ సంఘం పెట్టింది. నాలుగేళ్లకే బిషప్ ఆమెను పెద్ద పదవి నుంచి దింపేశాడు. మిగతా బతుకులో చాలా ఏళ్లు తను పెట్టిన మఠంలోనే బట్టలు ఉతుకుతూ, ఇస్త్రీ చేస్తూ గడిపింది. 1890 జనవరిలో చనిపోయింది.

అదే 1890లో, దేశానికి అవతలి కొసన, కమ్లూప్స్‌లో ఆదివాసీ పిల్లల బడి తెరిచారు.

సిస్టర్లు పశ్చిమానికి వెళ్లింది అంతకు ముందే. 1858లో నలుగురు పనామా మీదుగా ప్రయాణించి విక్టోరియా చేరి, ఒక దుంగల గుడిసెలో బడి పెట్టారు. కమ్లూప్స్ సంగతి వేరు. అక్కడ డబ్బు ప్రభుత్వానిది, 1893 నుంచి పెత్తనం ఆబ్లేట్ ఫాదర్లది, రోజువారీ చాకిరీలో ఎక్కువ భాగం సిస్టర్లది. తలకు ఇంత అని ప్రభుత్వం గ్రాంటు ఇచ్చేది. మెస్ చార్జీల లెక్క తెలిసిన మన వార్డెన్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ డబ్బుతో పిల్లలకు సరిగా తిండి పెట్టలేకపోతున్నామని 1910లో ఆ బడి ప్రిన్సిపాలే మొరపెట్టుకున్నాడు. చాలని దాన్ని పూడ్చడానికి పిల్లల చేతే పని చేయించేవారు. సగం రోజు చదువు, సగం రోజు పొలం, వంట, కుట్టు. 1920 చట్టంతో ఏడేళ్ల నుంచి పదిహేనేళ్ల పిల్లల్ని పంపడం తప్పనిసరి అయింది.

ఆ బడిలో చదివిన షుస్వాప్ నాయకుడు జార్జ్ మాన్యుయెల్ తర్వాత ప్రపంచ ఆదివాసీ మండలికి తొలి అధ్యక్షుడయ్యాడు. బడి గురించి ఆయన ముందుగా గుర్తు చేసుకున్నది ఆకలినే.

భాష సంగతి దగ్గర మేము కాస్త ఆగుతాం. ఆ సిస్టర్లలో చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు, ఫ్రెంచి. తమకే పరాయిదైన భాషను పిల్లలకు నేర్పుతూ, పిల్లల భాష నోట రాకూడదన్నారు. చర్చివాళ్లకు స్థానిక భాషల విలువ తెలియకా కాదు. అదే కమ్లూప్స్‌లో ల జ్యూన్ అనే ఆబ్లేట్ ఫాదర్, ఆదివాసులు వాడే చినూక్ భాషలో 1891 నుంచి పత్రిక నడిపాడు. పెద్దవాళ్లకు మతం చెప్పడానికి పనికొచ్చిన భాష పిల్లల బడికి పనికిరాలేదు. మన ఆశ్రమ పాఠశాలలూ అవీ ఒకటే అని మేము అనడం లేదు. మన పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్తారు, మనలో చాలామందిమి ఆ బడుల నుంచే టీచర్లమయ్యాం. అయినా ఒకటో తరగతిలో కోయ, గోండి పిల్లలు నెలల తరబడి ఎందుకు నోరు విప్పరో మనకు తెలుసు.

ఈ సంఘం పనిచేసిన మరో బడి కూపర్ దీవిలో ఉండేది. 1896లో సెలవులు రద్దు చేశారని పిల్లలే దానికి నిప్పు పెట్టారు. ఆ ఏడాది లెక్క తీస్తే, అక్కడ చదివిన 264 మందిలో 107 మంది అప్పటికే చనిపోయారు.

కమ్లూప్స్ బడి 1969లో ప్రభుత్వం చేతికి వెళ్లింది, 1978లో మూతపడింది. దేశం మొత్తం మీద ఇలాంటి బడుల్లో సుమారు లక్షా యాభై వేల మంది పిల్లలు ఉన్నారని సత్యం, సయోధ్య కమిషన్ 2015లో చెప్పింది. 2019లో యాభై మీటర్ల ఎర్రబట్ట మీద, చనిపోయిన పిల్లల పేర్లు 2,800 రాసి దేశం ముందు పరిచారు. మరో 1,600 మందికి పేర్లే దొరకలేదు. 2021 మే చివర కమ్లూప్స్ ఆదివాసులు, బడి ఆవరణలో రాడార్‌తో వెతికితే సుమారు రెండు వందల చోట్ల సమాధులు అనిపించే ఆనవాళ్లు కనిపించాయని ప్రకటించారు. తవ్వితే తప్ప అవి ఏమిటో పూర్తిగా తేలదు. కానీ పేర్లు వెతకడానికి తవ్వనక్కర్లేదు, కాగితాలు కావాలి. బడుల్లో పనిచేసిన సిస్టర్లు రాసిపెట్టుకున్న పుస్తకాలు, జాబులు వాళ్ల సంఘం సొంత ఆస్తిగానే ఉండిపోయాయి. బడి మూతపడిన నలభై మూడేళ్లకు, 2021 జూన్‌లో, వాటిని చూడనిచ్చేందుకు విక్టోరియాలోని రాష్ట్ర మ్యూజియంతో వాళ్లు ఒప్పందం చేసుకున్నారు.