సీటీసీ స్లిప్పు: సికింద్రాబాద్‌లో అసెంబుల్డ్ సిస్టమ్ కథ

మొన్న డిసెంబర్‌లో మా పిన్ని కొడుకు కరీంనగర్ బస్సెక్కి జేబీఎస్‌లో దిగాడు. జేబులో 55 వేలు. బాబాయి చిట్టీ ఎత్తితే వచ్చిన డబ్బులవి. వాడు డిగ్రీ అయిపోయి, ఊళ్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాడు, అదీ పాత సిస్టమ్ మీద. "అన్నా, గేమ్స్ ఆడాలె, ఎడిటింగ్ చేయాలె, రెండూ ఒక్క దాంట్లోనే కావాలె" అన్నాడు. ఇద్దరం కలిసి ప్యారడైజ్ పక్కన పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే మనందరం పిలిచే సీటీసీకి వెళ్లాం.

అక్కడికి వెళ్లినవాళ్లకి తెలుసు. షాపులో అడుగు పెట్టగానే "బడ్జెట్ ఎంత తమ్మీ?" అంటారు. ఒక చిన్న కాగితం తీసి పైనుంచి కిందికి రాస్తారు: ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డ్, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్, మానిటర్. కింద టోటల్. గంటలో మా చేతిలో మూడు షాపుల స్లిప్పులు. మూడూ 55 వేలే, మూడూ వేరు వేరు కంప్యూటర్లు! ఏది కొనాలన్నది తర్వాత చెప్తాను. అసలు ఇలా ఒక్కో ముక్కా విడిగా రాసి కొనే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చింది? ఫోన్‌ని మనం అలా కొనం కదా.

దానికి 1981కి వెళ్లాలి. ఆ ఏడాది ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ని అమెరికాలో విడుదల చేసింది. తొందరగా తేవాలని బయట దొరికే భాగాలతోనే కట్టింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్‌ది. లోపల ఖాళీ స్లాట్లు పెట్టి, వాటిలో ఎవరైనా కార్డులు తయారు చేసి పెట్టుకోవచ్చు అన్నట్టు వివరాలన్నీ పుస్తకంలో అచ్చేసింది. ఒక్క బయోస్ ప్రోగ్రామ్ మాత్రం కాపీరైట్‌లో ఉండిపోయింది. అది కూడా ఎంతోకాలం ఆగలేదు. 1982లో కంపాక్ కంపెనీ ఐబీఎం కోడ్ ముట్టుకోకుండా, అదే పని చేసే సొంత బయోస్ రాయించుకుంది. 1984కల్లా ఫీనిక్స్ అనే కంపెనీ అలాంటి బయోస్‌ని ఎవరికైనా అమ్మడం మొదలుపెట్టింది. ఇక తైవాన్ బోర్డు మీద ఇంకొకరి కార్డు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పార్క్‌లేన్ వ్యాపారానికి పునాది అదే.

అలాగని కంప్యూటర్ మనకి అప్పుడే కొత్త కాదు. సికింద్రాబాద్ నుంచి కుషాయిగూడ వైపు వెళ్తే వచ్చే ఈసీఐఎల్ 1967లో మొదలైంది. దాన్ని నిలబెట్టినాయన పశ్చిమ గోదావరి మనిషి, డాక్టర్ ఎ.ఎస్. రావు. ఏఎస్ రావు నగర్ పేరు ఆయనదే. 1969లోనే అక్కడ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారైంది. కానీ అది సంస్థలు కొనే యంత్రం. దాన్ని విప్పి "ఈ ముక్క మార్చండి" అని అడిగే మామూలు మనిషి లేడు. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోయింది. 1984 నవంబర్‌లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి దిగుమతుల్ని సడలించాక విడిభాగాలు రావడం పెరిగింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు ఇచ్చింది. బోర్డుకి స్క్రూలు ఎక్కడ పడాలో దాదాపు అప్పటి లెక్కే ఇప్పటికీ. 1997లో భారత్ డబ్ల్యూటీఓ ఐటీ ఒప్పందంలో చేరింది, 2005కల్లా చాలా కంప్యూటర్ సామాన్ల మీద కస్టమ్స్ సుంకం సున్నాకి రావాలని అందులో మాట. ఈ తేదీలు బోర్‌గా అనిపిస్తాయి, నిజమే. కానీ స్లిప్పులో ఒక్కో లైను వెనకా ఇలాంటి తేదీ ఒకటి ఉంది.

మరి పార్క్‌లేనే ఎందుకు? సికింద్రాబాద్ పుట్టుకే కంటోన్మెంట్ ఊరుగా. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఇంగ్లీషు సైన్యానికి సామాన్లు అమ్మిన బజారు, ఇప్పటి ఎంజీ రోడ్, అప్పట్లో జేమ్స్ స్ట్రీట్. బయటి సరుకు దించి అమ్మడం ఈ ఊరికి పాత అలవాటు. గుజరాతీలు, మార్వాడీలు, పార్సీలు, అందరూ ఇక్కడే. చెనాయ్ అనేది కూడా జంటనగరాల్లో పేరున్న పార్సీ ఇంటిపేరే. అబిడ్స్ తిలక్ రోడ్‌లో 1904 నాటి పార్సీ అగ్ని ఆలయం ఆ పేరుతోనే ఉంది. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకి ఎస్పీ రోడ్ ఎలాగో మనకి సీటీసీ అలాగ.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. 2000 తర్వాత అక్కడికి వచ్చే కుర్రాళ్లలో నేను గమనించిన రకాలు రెండు. నెట్ కెఫే వాళ్లు, మిక్సింగ్ వాళ్లు.

నెట్ కెఫే ఓనర్‌కి కావాల్సింది ఒకేలాంటి పది సిస్టమ్‌లు. సాయంత్రం కాలేజీ పిల్లలు వచ్చి ల్యాన్‌లో కౌంటర్ స్ట్రైక్ ఆడాలి. 2003లో వైస్ సిటీ పీసీకి వచ్చాక 32 ఎంబీ గ్రాఫిక్స్ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ర్యామ్ తగ్గినా, హార్డ్ డిస్క్ చిన్నదైనా పర్వాలేదు, కార్డు మాత్రం ఉండాలి.

మిక్సింగ్ వాళ్ల లోకం వేరే. ఊళ్లో పెళ్లి వీడియో అంటే మొదట్లో వీహెచ్‌ఎస్ కెమెరా, రెండు డెక్‌లు, మధ్యలో మిక్సర్. పెళ్లికూతురు ముఖం చుట్టూ గులాబీ పువ్వు తిరిగే ఎఫెక్ట్ గుర్తుందా? మీ అమ్మానాన్నల క్యాసెట్‌లో కచ్చితంగా ఉంటుంది. తర్వాత మినీ డీవీ టేపులు వచ్చాయి. కెమెరా నుంచి ఫైర్‌వైర్ కార్డు ద్వారా సిస్టమ్‌లోకి ఎక్కించాలి. గంట టేపు ఎక్కడానికి గంట పడుతుంది, దగ్గరదగ్గర 13 జీబీ తింటుంది. అప్పటి 40 జీబీ డిస్క్‌లో విండోస్ పోను మూడు టేపులు కూడా కష్టమే. పైగా విండోస్ 98 వాడే ఫ్యాట్32 పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటదు, అంటే టేపుని ఇరవై నిమిషాలు కూడా నిండకుండానే ముక్కలు చెయ్యాలి. ముహూర్తాల సీజన్‌లో తలంబ్రాలు ఒక ఫైల్లో, అప్పగింతలు ఇంకో ఫైల్లో. వాళ్లకి గేమింగ్ కార్డు దండగ. పెద్ద డిస్క్, ఎక్కువ ర్యామ్, రాత్రంతా రెండర్ పెడితే ఆగిపోని సిస్టమ్ కావాలి.

మా తమ్ముడు ఈ ఇద్దరూ కలిసి ఒకే మనిషైనట్టు. 2016లో జియో వచ్చాక యూట్యూబ్ ఊరూరికీ చేరి, ఇలాంటివాళ్లు వేలల్లో తయారయ్యారు. గొడవంతా అక్కడే. గేమర్ డబ్బు కార్డులోకి పోతుంది, ఎడిటర్ డబ్బు ర్యామ్‌లోకి, స్టోరేజ్‌లోకి పోతుంది, చిట్టీ డబ్బు మాత్రం ఒకటే.

ఆ పైన ధరలు మన చేతిలో ఉండవు. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొస్తే ఇక్కడ హార్డ్ డిస్క్ రేటు రెట్టింపయింది. 2017లో, మళ్లీ 2021లో క్రిప్టో మైనింగ్ వాళ్లు కార్డులన్నీ ఊడ్చేశారు. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం ఆ పద్ధతి మానేశాక అవే కార్డులు తుడిచి పెట్టిన సెకండ్స్‌గా బజార్లోకి వచ్చాయి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి ర్యామ్ ధరలు పైకి పోయాయి. క్రూషియల్ పేరుతో మనం కొనే ర్యామ్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు మైక్రాన్ ప్రకటించింది. మేం స్లిప్పులు పట్టుకుని తిరుగుతున్నది సరిగ్గా అప్పుడే.

మొదటి స్లిప్పులో మంచి కార్డు, కానీ 8 జీబీ ర్యామ్, పేరు లేని ఎస్‌ఎంపీఎస్. అది చూడగానే వద్దన్నాను. నా మొదటి సిస్టమ్‌కి క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మూడో నెలలో పోతూ పోతూ బోర్డుని కూడా తీసుకుపోయింది. బిల్లు లేదు, షాపాయన గుర్తుపట్టలేదు కూడా. అందుకే ఈసారి జీఎస్టీ బిల్లు లేకుండా మాటే లేదన్నాను. రెండో స్లిప్పులో సెకండ్స్ కార్డు. వారంటీ ఎంతన్నా అంటే ఆయన నవ్వాడు.

మూడోదాన్ని మేమే కొట్టివేతలతో మార్చుకున్నాం. ఐ5-12400 ప్రాసెసర్, చివర ఎఫ్ లేనిది. ఎఫ్ ఉంటే కాస్త చౌక, కానీ లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఫోన్లలో తీసే హెచ్‌ఈవీసీ వీడియోని అవలీలగా నడిపించే క్విక్ సింక్ ఆ గ్రాఫిక్స్‌లోనే ఉంటుంది. బోర్డు డీడీఆర్4ది తీసుకున్నాం, ఎందుకంటే వాడి పాత సిస్టమ్‌లో 8 జీబీ డీడీఆర్4 స్టిక్ బాగానే ఉంది. ఇంకో 8 కొని పక్కన పెడితే 16 అయింది, రెండు స్టిక్కులు కలిసి పనిచేస్తాయి కూడా. 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. గ్రాఫిక్స్ కార్డ్ లైను మీద పెన్నుతో గీత.

వాడి ముఖం చూడాలి మీరు! "అన్నా, గేమ్స్?" అన్నాడు. స్లాట్ ఖాళీగానే ఉంది కదరా, ఎస్‌ఎంపీఎస్‌కి దమ్ముంది, రెండు పెళ్లిళ్లు ఎడిట్ చేసి కార్డు కొనుక్కో అన్నాను. ప్యారడైజ్‌లో బిర్యానీ తింటూ కూడా అలిగే ఉన్నాడు. సాయంత్రం క్యాబినెట్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ బస్సెక్కాడు. ప్రస్తుతానికి వ్యాలరెంట్ సెట్టింగ్స్ అన్నీ లోలో పెట్టి ఆడుతున్నాడు. మాఘమాసానికి మూడు పెళ్లి ఆర్డర్లు వచ్చాయట, నిన్న రాత్రి ఫోన్ చేసి కార్డుల రేట్లు కనుక్కోమన్నాడు.